ధర్మకార్యమునకు ధనమెచ్చటనుండి వచ్చును?

పాఠశాలకు గది, గ్రామమునకు మంచినీరు, వైద్యశాలకు మంచము కావలెనని కోరుట సులభము. వీనికి ధనమిచ్చువారెవరో వెదకి తెలిసికొనుట ఒక విద్య. ఆ విద్యను గూర్చి నల్లగొండ చరిత్రమునుండియే విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును కొన్ని మాటలు విన్నవించుచున్నాము.

1889వ సంవత్సరమున అబ్రాహాము ఫ్రీసెను దొరగారును, మరియ దొరసానిగారును రష్యాదేశమునుండి బయలుదేరి, 1890లో నల్లగొండయందు మిషను పని ప్రారంభించిరి. వారు మెన్నొనైట్ బ్రదరిన్ సంఘమువారు. ఆ రష్యా సంఘమునకు ఇచ్చట సొంత మిషను లేదు. అమెరికను బాప్తిస్టులకు కలదు. కావున పని బాప్తిస్టు మిషనరీ యూనియనువారి పాలనలో నడచునట్లును, పనివారిని ధనమును రష్యాలోని సంఘములు పంపునట్లును ఏర్పాటు జరిగెను. అచ్చటి రైతుకుటుంబములు తాము కన్నులార చూడని నల్లగొండకు కానుకలు పంపిరి. ఫ్రీసెను దొరగారు స్వదేశమునకు వెళ్లినపుడు సంఘములను దర్శించి ఇచ్చటి పనిని వివరించిరి; తరువాత మరికొందరు అచ్చటనుండి వచ్చిరి. ఇచ్చినవారికి తమ సొమ్మేమైనదో చెప్పుట, అడుగుటకంటె గొప్ప పని యని మా యభిప్రాయము.

1914లో యుద్ధము వచ్చెను. 1917లో రష్యాలో విప్లవము జరిగెను. ధనము నిలిచిపోయెను. ఇందు ఇచ్చువారి దోషమును లేదు, పుచ్చుకొనువారి దోషమును లేదు. కాని బడిపిల్లల గంజికుండకు రష్యా సంగతి తెలియదు గదా! అమెరికను బాప్తిస్టులే ఆ భారమును వహింపవలసి వచ్చెను. రెండవ చేయి ముందే ఉండుటచేత పని నిలిచినది.

కావున దాతను వెదకునపుడు ఎంత యిచ్చుననియే గాక, ఎంతకాల మిచ్చును, దేనికిచ్చును, ఏ చట్టమునకు లోబడి యిచ్చును అనియు విచారింపవలెను. నేడు విదేశధనము పుచ్చుకొనుటకు 2010వ సంవత్సరపు చట్టము క్రింద అనుమతి యుండవలెను; 2020లో జరిగిన సవరణవలన ఆ ధనము మొదట ఢిల్లీలోని స్టేటు బ్యాంకు ప్రధానశాఖకే చేరవలెను.

దగ్గరి దాతలను మరువరాదు. మనకు ఈశాన్యమున దోర్నకల్లులో 1912లో బిషప్పయిన అజరయ్యగారు, బీదలైన సంఘస్థులకు పిడికెడు బియ్యపు కానుకను నేర్పిరి. వంటకు బియ్యము కొలుచునపుడు ఇల్లాలు ఒక పిడికెడు దేవునిపేర వేరుగా నుంచును. యుద్ధము వచ్చినను ఇది నిలువదు. అయితే మన మెట్టసీమలో వానలు లేనియేడు ఇదియు తగ్గును.

ఇక నొక అభ్యాసము. కృష్ణాజలములు గొట్టములద్వారా వచ్చుచున్నను, ఒక పల్లె పాఠశాల ఇంకను ఫ్లోరైడు గల బోరునీరే త్రాగుచున్నదనుకొందము. నాగపురములోని పరిశోధనాలయమువారు కనుగొన్న నల్లగొండ పద్ధతిలో పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును తగ్గింతురు. దీనికి ధనమెవరిత్తురు? 2013 కంపెనీల చట్టపు 135వ సెక్షను ప్రకారము, ఏటికి 5 కోట్ల రూపాయల నికరలాభము గల కంపెనీ, గడచిన మూడేండ్ల సగటు లాభములో నూటికి 2 వంతులు లోకహితమునకు వెచ్చింపవలెను. మంచినీరు ఆ చట్టపు పట్టికలో నున్నది. తాము పనిచేయు ప్రాంతమునకు మొదట ఇయ్యవలెననియు అందున్నది. కృష్ణాతీరమున వాడపల్లి, మట్టపల్లి ప్రాంతములలో సిమెంటు కర్మాగారములు కలవు. వాని వార్షిక నివేదికలు తెచ్చి, నిరుడు ఏ యూరికి, దేనికి, ఎంత యిచ్చిరో చదువుడు. నీటిపనికి ఎన్నడును ఇయ్యని కంపెనీకి అర్జీ వ్రాయుట కాగితము చెరుచుటయే.

తొట్టి కట్టించు దాత దొరకవచ్చును. దానిపై పేరు చెక్కించుటకు వీలున్నది. పటికపై పేరు చెక్కించుటకు వీలులేదు. కాని పటిక ప్రతిదినము కావలెను. అర్జీ వ్రాయుటకు ముందే, మూడవయేట పటిక యెవరు కొందురో పెద్దలనడిగి, ఆ మాటను లెక్కపుస్తకములో వ్రాసికొని రండు.