ఓరుగల్లు – వరంగల్: ఒక ఊరు, ఎన్నో పేర్లు



పోయిన నెల మన కమాన్‌పూర్ రాత్రిబడికి ఒక అక్క రెండు కాగితాలు తెచ్చింది. ఒకటి రేషన్ కార్డు. దాంట్లో ‘లచ్చవ్వ’ అని ఉంది. ఇంకొకటి బ్యాంకు పాసుబుక్కు. దాంట్లో ‘లక్ష్మి’ అని ఉంది. భర్త పోయినంక రావలసిన పైసల కోసం ఆమె ఒక ఆఫీసుకు పోయింది. “ఇవి రెండు పేర్లు. ఇందులో నువ్వు ఎవరివి?” అని అక్కడ అడిగిండ్రట.

“నేను ఒక్కదాన్నే గద సారూ!” అన్నదట ఆమె.

మనిషి ఒక్కతే. పేరు రెండు తీర్ల ఎట్లయింది? ఆమె నోటితో చెప్పింది. రాసేవాళ్లు తమకు తోచినట్టు రాసుకున్నారు. అప్పుడు ఆమెకు చదువు రాదు. ఏం రాసిండ్రో చూసుకోలేదు. వేలిముద్ర వేసి వచ్చింది.

మనుషుల పేర్లే కాదు, ఊర్ల పేర్లు కూడా ఇట్లనే మారుతాయి. ఒక పెద్ద నగరం పేరు ఎట్ల మారిందో ఈ పాఠంలో చదువుదాం.

బోర్డు మీద ఒక పేరు, నోట్లో ఒక పేరు

రామగుండంలో విజయవాడ వైపు పోయే రైలు ఎక్కితే వరంగల్ స్టేషన్ వస్తుంది. అక్కడి బోర్డు మీద ‘వరంగల్’ అని రాసి ఉంటుంది. కాని మన పెద్దవాళ్లను అడగండి. “మా మేనత్తది ఓరుగల్లు” అంటారు. రెండూ ఒక్క ఊరే. ఓరుగల్లు పాత పేరు. వరంగల్ తర్వాత వచ్చిన పేరు.

ఓరుగల్లు అంటే ఏమిటి?

ఈ మాటను రెండు ముక్కలు చేద్దాం.

ఓరు + కల్లు = ఓరుగల్లు

‘ఓరు’ అంటే ఒక, ఒకటి. తమిళం మాట్లాడేవాళ్లు ఇప్పటికీ ‘ఒక’ అనడానికి ‘ఒరు’ అంటారు. మన ‘ఒక’, ‘ఒంటరి’ అనే మాటలు దానికి చుట్టాలే.

‘కల్లు’ అనగానే నవ్వకండి! ఇది తాటిచెట్టు కల్లు కాదు. కల్లు అంటే రాయి. కన్నడం వాళ్లు రాయిని ఇప్పటికీ ‘కల్లు’ అనే అంటారు. మనం ‘రాయి’, ‘బండ’ అంటున్నాం. కాని పాత మాట మన ఇంట్లో పోలేదు. పెండ్లిలో పిల్లతో, పిల్లగానితో ఏం తొక్కిస్తాం? సన్నికల్లు. దాని మీదనే నూరుకుంటాం కూడా. సన్నికల్లులో ఉన్న ‘కల్లు’ రాయే.

మరి ‘కల్లు’ ఓరుగల్లులో ‘గల్లు’ ఎట్లయింది? కూర, కాయ కలిపి పలకండి. కూరకాయ అంటామా? కూరగాయ అంటాం. రెండు మాటలు కలిసినప్పుడు కొన్ని చోట్ల ‘క’ మెత్తబడి ‘గ’ అవుతుంది. ఓరుకల్లు కూడా అట్లనే ఓరుగల్లు అయింది.

రాసేటప్పుడు ఒక జాగ్రత్త. ‘కల్లు’లో ‘ల’ కింద ‘ల’ వత్తు ఉంటుంది. ‘కళ్లు’లో పెద్ద అక్షరం ‘ళ’. కళ్లు అంటే కన్నులు. ఒక్క అక్షరం మారితే రాయి కన్ను అవుతుంది!

ఓరుగల్లు అంటే ‘ఒక్క రాయి’. ఓరుగల్లు కోట లోపల ఒక పెద్ద రాతి గుట్ట ఉంది. దాన్ని ఏకశిల గుట్ట అంటారు. సంస్కృతంలో ‘ఏక’ అంటే ఒకటి. ‘శిల’ అంటే రాయి. అందుకే పండితులు ఈ ఊరిని ‘ఏకశిలానగరం’ అని రాశారు. మాటలు వేరు, అర్థం ఒక్కటే.

ఆ ఊరిని ఏలినవాళ్లు

ఓరుగల్లు కాకతీయ రాజుల రాజధాని. అంతకు ముందు వాళ్ల రాజధాని పక్కనే ఉన్న అనుమకొండ. అక్కడి వేయి స్తంభాల గుడిని రుద్రదేవుడు 1163లో కట్టించాడు. అనుమకొండ పేరు కూడా మారింది. ఇప్పుడు హనుమకొండ అంటున్నాం. 2021లో జిల్లాకు కూడా అదే పేరు పెట్టారు.

తర్వాత గణపతిదేవుడు ఓరుగల్లును రాజధాని చేసుకున్నాడు. కోట పని ఎత్తుకున్నాడు. ఆ పనిని ఆయన బిడ్డ రుద్రమదేవి పూర్తి చేసింది. ఆమె సుమారు 1262 నుంచి 1289 వరకు రాజ్యం ఏలింది.

ఇక్కడ ఒక ముచ్చట. చాలా శాసనాల్లో ఆమెను ‘రుద్రదేవ మహారాజు’ అని రాయించారు. శాసనం అంటే రాతి మీద, రాగి రేకు మీద చెక్కించిన రాత. ఆడది రాజ్యం ఏలుతుంటే కూడా మగ పేరే రాశారు! ఆమె చనిపోయిన సంగతి మనకు ఎట్ల తెలుసు? నల్లగొండ జిల్లా చందుపట్లలో ఒక శాసనం దొరికింది. అది 1289 నాటిది. ఆ రాత లేకపోతే ఆ సంగతి మనదాకా వచ్చేది కాదు.

పెట్టిన పేరు పోయింది, రాసిన పేరు ఉండిపోయింది

1323లో ఢిల్లీ సుల్తాను సైన్యం ఓరుగల్లును గెలుచుకుంది. కాకతీయుల రాజ్యం పోయింది. గెలిచినవాళ్లు ఊరికి ‘సుల్తాన్‌పూర్’ అని కొత్త పేరు పెట్టారు. ‘పూర్’ అంటే పురం, అంటే ఊరు. మన కమాన్‌పూర్‌లో ఉన్న ‘పూర్’ కూడా అదే.

కాని జనం ఆ పేరును నోట పట్టలేదు. ఇప్పుడు ఓరుగల్లును సుల్తాన్‌పూర్ అనేవాళ్లు ఎవరూ లేరు.

మరి ‘వరంగల్’ ఎట్ల వచ్చింది? ఈ పేరు ఎవరూ కావాలని కొత్తగా పెట్టలేదు. పారసీ, ఉర్దూ రాసేవాళ్లు ‘ఓరుగల్లు’ను తమ పలుకుబడికి తగ్గట్టు రాసుకున్నారు. ఒకచోట ‘అరంగల్’ అని, ఇంకోచోట ‘వరంగల్’ అని రాశారు. ఉర్దూలో ‘వావ్’ అనే అక్షరం ఉంది. దాన్నే ‘వ’ అని చదవవచ్చు, ‘ఓ’ అని కూడా చదవవచ్చు. 1948 వరకు నిజాం పాలనలో కచేరీల భాష ఉర్దూ. కచేరీ కాగితంలో వరంగల్. ఇంగ్లీషు కాగితంలో వరంగల్. రైలు స్టేషన్‌లో వరంగల్. చివరికి తెలుగులో కూడా మనం వరంగల్ అనే రాస్తున్నాం. ‘ఒక్క రాయి’ అనే అర్థం ఆ పేరులో కనపడకుండా పోయింది.

చూశారా! రాజు పెట్టిన పేరు నిలవలేదు. కాగితం రాసేవాళ్ల పేరు నిలిచింది. నోటి మాటకు బలం ఉంది. అందుకే ఇన్ని వందల ఏండ్ల తర్వాత కూడా ఓరుగల్లు అంటున్నాం. కాని కచేరీలో చెల్లేది కాగితం మీద ఉన్న పేరే.

మన పేరు మన చేతిలో

లచ్చవ్వ అన్నా తప్పు లేదు. లక్ష్మి అన్నా తప్పు లేదు. కాని అన్ని కాగితాల్లో ఒక్కతీరుగా ఉండాలి. రేషన్ కార్డు, ఆధార్ కార్డు, పాసుబుక్కు పక్కపక్కన పెట్టి ఒక్కొక్క అక్షరం చూడండి. ఇంటి పేరు కూడా చూడండి. తేడా ఉంటే ఇప్పుడే దిద్దించుకోండి. అవసరం పడ్డనాడు ఉరుకుడు కష్టం. ‘రెండు పేర్లూ నావే’ అని నోటరీ దగ్గర అఫిడవిట్ కూడా రాయించుకోవచ్చు. ఎవరు ఏం రాసినా, చదివిన తర్వాతనే సంతకం పెట్టండి.

మన అక్క పేరు దిద్దమని దరఖాస్తు పెట్టింది. పైసలు ఇంకా రాలేదు. కాని దరఖాస్తు ఆమే రాసింది. కింద వేలిముద్ర లేదు, సంతకం ఉంది. ‘క్ష’ రాయడానికి నాలుగు రోజులు కష్టపడ్డది. ఇప్పుడు ‘లక్ష్మి’ అని తప్పు లేకుండా రాస్తుంది.

చదవండి
ఓరుగల్లు – ఏకశిల – సన్నికల్లు – కూరగాయ – శాసనం – దరఖాస్తు – సంతకం

రాయండి
1. మీ పూర్తి పేరు, ఇంటి పేరు, ఊరి పేరు రాయండి. మీ కార్డులో ఉన్న పేరుతో పోల్చి చూడండి.
2. కల్లు, కళ్లు – ఒక్కొక్క మాటతో ఒక వాక్యం రాయండి.
3. గోదావరిఖని, రామగుండం – ఈ పేర్లను రెండేసి ముక్కలు చేసి రాయండి. (ఖని అంటే గని. గుండం అంటే నీటి గుంట.)

మాట్లాడుకోండి
1. రుద్రమదేవికి శాసనాల్లో మగ పేరు ఎందుకు రాయించి ఉంటారు?
2. మీ ఊర్లో ఏ వాడకు, ఏ చెరువుకు పాత పేరు ఉంది? ఇంట్లో ముసలమ్మను అడిగి రాసుకొని రండి.