నమ్మకం ఉంటే కొలత నిండుతుంది

ఈసారి మన గోడపత్రికలో కరువు పని గురించి ఒక పాఠం రాస్తున్నాను.

మన అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడుతుంది. శనక్కాయ పంట పోతే కూలికి పోవాల్సిందే. 2005లో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం చేసింది. ఆ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ గారు మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభించారు. ఆ చట్టం ఒక కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని అడిగే హక్కు ఇచ్చింది. మనవాళ్లు దాన్ని కరువు పని అన్నారు.

మట్టి పనిలో గుంపు తవ్వినదంతా టేపుతో కొలిచి, దాన్ని బట్టి కూలి కడతారు. ఒక లెక్క చూద్దాం. కందకం పొడవు 20 మీటర్లు, వెడల్పు 1 మీటరు, లోతు అర మీటరు. మొత్తం 10 ఘనపు మీటర్లు. పదిమంది తవ్వితే తలా 1 వస్తుంది. 8 మాత్రమే తవ్వితే పదిమందికీ కూలి ఐదో వంతు తగ్గుతుంది. ఎవరి వల్ల తగ్గిందో టేపు చెప్పదు. అనుమానం అక్కడే పుడుతుంది.

పోయిన ఎండాకాలం సెలవుల్లో నేను మా యాడితో పనికాడికి పోయినాను. గుంపులో ఒక అత్త రోజూ ఆలస్యంగా వస్తాండె. "ఆమె రాకుంటే మనమెందుకు తవ్వల్ల?" అని ఒకామె గడ్డపార దించింది. పక్కామె కూడా దించింది. మా యాడీ దించింది. ఆ వారం కొలత తగ్గింది, అందరికీ కూలి తగ్గింది.

తర్వాత తెలిసింది, ఆ అత్త బిడ్డకు జ్వరమని. ఆమె చెప్పలేదు, వీళ్లు అడగలేదు.

అందరూ చెట్టు కింద కూర్చొని రెండు మాటలు అనుకున్నారు. ఒకటి, ఆలస్యమైతే ముందే చెప్పల్ల. రెండు, ఎవరు ఎంతసేపు చేసినారో సాయంత్రం అందరి ముందర చదవల్ల. చదివేవాళ్లు లేరు కాబట్టి ఆ పని నాకిచ్చినారు.

ఒకరోజు మా యాడి మధ్యాహ్నమే ఇంటికి పోయింది. నిండు రోజు రాయాలని నాకు ఆశ పుట్టింది. చేయి ఆగింది. "సగం రోజు" అని రాసి, అదే గట్టిగా చదివినాను. ఆ రాత్రి యాడి నన్ను ఏమీ అనలేదు. మరుసటి రోజు నుంచి నా నోటుబుక్కు తీసి చూసినవాళ్లు లేరు. ఒకరినొకరు కాపలా కాయడం మాని తవ్వినారు. కొలత నిండింది.

దీని వల్ల నేను నేర్చుకున్నది: నమ్మకమంటే కళ్లు మూసుకోవడం కాదు. కష్టం చెప్పుకోవడం, లెక్క దాచకపోవడం.

మన హాస్టల్లో నీళ్లు పట్టే వంతు, ఊడ్చే వంతు దగ్గర రోజూ గొడవే. "ఆమె చేయలేదు, నేనెందుకు చేయాలి?" అని నేనూ అన్నాను. ఈ పత్రిక పక్కనే వంతుల పట్టిక అంటిద్దాం. వార్డెన్ మేడం గారు అనుమతి ఇవ్వాలని కోరుతున్నాను.

ఆలోచించండి:
1. కూలి తగ్గింది ఆలస్యంగా వచ్చిన అత్త వల్లనా, గడ్డపార దించిన వాళ్ల వల్లనా?
2. మీరైతే మీ అమ్మ పేరు ఎదురుగా ఏమి రాసేవాళ్లు?

— 9వ తరగతి విద్యార్థిని