ముందు రిజిస్టర్ తెరిచి చూడు

అమ్మడూ,

మేధో వైకల్యం ఉన్నవాళ్ల హోమ్‌లో ఆయాలకూ అటెండర్లకూ ట్రైనింగ్ ఇచ్చే పని నీకు అప్పజెప్పారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. సంతోషం. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఈ చదువే చదివి వచ్చినదానివి, పాఠాలు నీకు నేను చెప్పక్కర్లేదు. ముఖాల బొమ్మల కార్డులు, పది దాకా లెక్కపెట్టించడం, ఊపిరి నెమ్మదిగా తీయించడం అన్నీ నీ సంచిలో ఉండే ఉంటాయి. ఓ నెల వాటిని బయటికి తీయకు. ముందు వార్డు రిజిస్టర్ తెరిచి చూడు.

‘సాయంత్రం గొడవ చేశాడు. కంట్రోల్ చేశాం’ అని ఉంటుంది. గొడవకు ముందు ఏమైందో ఉండదు. కంట్రోల్ అంటే ఏం చేశారో అసలే ఉండదు. నేను పనిచేసినచోట నలభై దాటిన ఒకాయన, డౌన్ సిండ్రోమ్, పొద్దుగూకే వేళకు చెంప మీద కొట్టుకునేవాడు. ఆపబోయినవాళ్లకూ దెబ్బలు పడేవి. “పొగరండీ, డ్యూటీ దిగే టైమ్ చూసుకుని మరీ చేస్తాడు” అనేది ఆయా. ఆమెకు రాయడం అంతగా రాదు. చూసింది చూసినట్టు చెప్పమని నేనే రాసుకున్నాను: ‘టీవీ సౌండ్ పెంచారు. రెండు డ్యూటీలవాళ్లూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఎడమ చెవి దగ్గరే కొట్టుకున్నాడు.’ ఆ చెవి సంగతి పట్టుకున్నది ఆమే. డాక్టర్ చూస్తే గుబిలి గట్టిపడి, లోపల చీము. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు చెవి రంధ్రం సన్నగా ఉంటుంది, ఈ బాధ తరచూ వస్తుంది. మందులు వాడాక కొట్టుకోవడం చాలావరకు తగ్గింది. పూర్తిగా పోలేదు, టీవీ గోల మిగిలే ఉంది కదా.

‘కావాలనే చేస్తున్నాడు’ అనుకున్న ఆయాకు కోపం వస్తుంది. ‘ఎక్కడో ఏదో బాధ’ అనుకున్న ఆయా వెతుకుతుంది. నీ ట్రైనింగ్ ఈ ఒక్క మార్పు తెస్తే చాలు. పంటినొప్పి, మలబద్ధకం, మందుల మత్తు, నోటితో చెప్పుకోలేనివాళ్లలో అన్నీ కోపంగానే బయటపడతాయి. దుఃఖం కూడా. తల్లి పోతే ‘వాడికేం తెలుస్తుందిలే’ అని దినకర్మలకు కూడా తీసుకెళ్లరు మనవాళ్లు. ఆ కొడుకేమో, అమ్మ వచ్చే రోజని, ఆదివారం ఆదివారం గేటు దగ్గర నిలబడుతుంటాడు. లోపలికి రమ్మని చెయ్యి పట్టుకుంటే తిరగబడతాడు.

కోపం మంచి ఊపు మీదున్నప్పుడు ఏదీ నేర్పొద్దని గట్టిగా చెప్పు. ఒక్కరే మాట్లాడాలి, అదీ రెండు మూడు మాటలు. ఎదురుగా కాక పక్కగా, కాస్త ఎడంగా నిలబడాలి. చోద్యం చూసేవాళ్లను బయటికి పంపాలి. నెల దాటాక తీసే నీ కార్డులకైనా వేళ మర్నాడు టిఫిన్ అయ్యాకే. ఇక బలవంతాన సారీ చెప్పించే తంతు ఉంది చూడు, అది చూస్తే నాకు ఒళ్లుమంట. యాభై ఏళ్ల మనిషి చేత గుంజీలు తీయించినట్టుంటుంది.

‘డాక్టర్ గారు మాత్ర రాస్తే పోలా’ అంటారు. 2008లో లాన్సెట్ పత్రికలో ఒక పరీక్ష వచ్చింది. మేధో వైకల్యం ఉండి తిరగబడే స్వభావమున్న 86 మందిని మూడు జట్లు చేసి రిస్పెరిడోన్, హాలోపెరిడాల్ అనే మందులూ, మందు లేని ఉత్తుత్తి మాత్రా జట్టుకొకటి ఇచ్చారు. మూడింటా గొడవలు తగ్గాయి. ఎక్కువ తగ్గింది ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లలోనే. అలాగని వాడుతున్న మందులు మీ అంతట మీరు ఆపేయకండి, అది డాక్టర్ తేల్చాల్సిన సంగతి.

కొరికించుకున్న ఆయాను పట్టుకుని “నువ్వేం చేశావ్?” అని మొదలుపెట్టకు. ఆమె చోట ఇంకొకరిని నిలబెట్టి, గాయం కడిగించి, టీ ఇప్పించు. ఆమె గుండెదడ తగ్గకుండా ఎదుటి మనిషిని నెమ్మదింపజేయడం ఆమె వల్ల కాదు. పన్నెండు గంటల డ్యూటీ చేసే మనిషి, ఆమె జీతం సంగతి కూడా మేనేజ్‌మెంట్ దగ్గర ఎత్తు.

క్లాసులు మీటింగ్ హాల్లో పెట్టకు. నైట్ డ్యూటీవాళ్లు రారు, వచ్చినా కునుకుతారు. డ్యూటీ మారేటప్పుడు ఇరవై నిమిషాలు వరండాలో కూర్చోబెట్టు, వార్డులో వద్దు. నెల తర్వాత రిజిస్టర్ నాలుగు పేజీలు, పేర్లు కనబడకుండా, జిరాక్స్ తీసి పంపు. చూసి చెప్తాను.

నీ
అత్తయ్య