సమ ఉజ్జీ

తెలుగు పల్లెల్లో చెడుగుడు ఆడే పిల్లలు జట్లు పంచుకొనే పద్ధతి ఒకటున్నది. ఎత్తూ బలమూ సరితూగే ఇద్దరిద్దరు భుజాలపై చేతులు వేసుకొని దూరంగా పోయి, రహస్యంగా పేర్లు పెట్టుకొంటారు. ఒకడు కొబ్బరికాయ, మరొకడు మామిడికాయ. తిరిగి వచ్చి, ఏది కావాలో కోరుకొమ్మని నాయకులను అడుగుతారు. ఎవరు ఎవరిని కోరుకొన్నా జట్ల బలం మారదు. ఈ జోడునే ఉద్ది అనీ, ఉజ్జీ అనీ అంటారు. సరిజోడును నిర్ణయించేది పిల్లలే. ఎవరి సత్తా ఎంతో వారికి తెలిసినంతగా పెద్దలకు తెలియదు.

మరీ చిన్నవాడు మారాం చేస్తే వానిని ‘ఆటలో అరటిపండు’గా చేర్చుకొంటారు. వాడు పరుగెత్తుతాడు, కూత పెడతాడు. అయితే వాని పాయింటు లెక్కకు రాదు. అరటితోటల కోనసీమలో ఈ మాటకు అర్థం చెప్పనక్కరలేదు. నాలుగు రోజులు ముచ్చటగానే సాగుతుంది. ఆపైన, తాను ఆటలో లేనన్న సంగతి వానికే తెలిసిపోతుంది.

ఊరు దాటిన పోటీలలో ఒకరినొకరు ఎరుగరు కనుక కొలతలు అవసరమైనవి. పాఠశాల క్రీడలలో 14, 17, 19 ఏళ్ల లోపు అని విభాగాలున్నవి. కబడ్డీలో వయసుతో పాటు శరీర బరువుకూ హద్దు ఉన్నది. కాని పుట్టిన సంవత్సరాన్ని బట్టి విభజించినప్పుడు జనవరిలో పుట్టిన పిల్లవాడు, డిసెంబరులో పుట్టినవాడు ఒకే వరుసలో నిలుస్తారు. ఎదిగే వయసులో పదకొండు నెలలు తక్కువేమీ కాదు. కెనడా మంచు హాకీ జట్లలో ఏడాది తొలి నెలలలో పుట్టిన వారే అధికంగా ఉన్నారని రోజర్ బార్న్స్‌లీ, ఆయన సహచరులు 1985లో చూపారు. ప్రతిభగా కనిపించినది కొంతవరకు పుట్టిన నెల.

ధ్రువపత్రంలో వయసు తగ్గించడం ఇంతకంటె పెద్ద అన్యాయం. దీనిని అరికట్టేందుకు భారతదేశంలో 2010 నాటి జాతీయ నియమావళి వైద్య పరీక్షలను నిర్దేశించినది. ఎముకల ఎక్స్‌రే వయసును అంచనా వేయగలదే గాని పుట్టిన తేదీని చెప్పలేదు. నిజమైన వయసుతో ఆడి ఓడిన బాలుడు, తనకు ఆట రాదనుకొని రాకెట్టును మూలన పెట్టివేస్తాడు. ఆ నష్టం ఏ పట్టికలోనూ చేరదు.

వయసు సరిగానే ఉన్నా సమానత్వం సిద్ధించదు. 2000లో అమలాపురంలో జన్మించిన రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ తండ్రి వ్యాయామోపాధ్యాయులు. సాత్విక్ 2014లో హైదరాబాదులోని గోపీచంద్ అకాడమీలో చేరి, 2023లో చిరాగ్ శెట్టితో కలిసి ఆసియా క్రీడల డబుల్స్ స్వర్ణాన్నీ, ప్రపంచ ప్రథమ స్థానాన్నీ సాధించారు. అటువంటి శిక్షణ పొందే పద్నాలుగేళ్ల బాలుడూ, బడి వదిలిన తరువాత గంటసేపు షటిల్ ఆడే పద్నాలుగేళ్ల బాలుడూ కాగితం మీద సమానులే. కోర్టులో కారు.

అమెరికాలో బాలబాలికల చియర్‌లీడింగ్ పోటీలు ఈ చిక్కుకు ఒక దారి వెదికినవి. ఊరి వినోద జట్లకు, ఏడాది పొడుగునా శిక్షణ పొందే జట్లకు వేర్వేరు విభాగాలున్నవి. వయసుతో పాటు నైపుణ్యాన్ని బట్టి స్థాయిలున్నవి. ఏ స్థాయిలో ఎటువంటి పిల్లిమొగ్గలు వేయవచ్చునో, మనిషిని ఎంత ఎత్తుకు లేపవచ్చునో నియమాలు చెప్పుతవి. ఇది న్యాయానికే కాదు, మెడలూ వెన్నెముకలూ భద్రంగా ఉండడానికి కూడ. అయినప్పటికీ పతకం కోసం గట్టి జట్టు కావాలనే కింది స్థాయిలో దిగడం అక్కడా ఉన్నది. వయసు తగ్గించుకొనే ఆటగానికీ దీనికీ పెద్ద భేదం లేదు.

మన పాఠశాల పోటీలలో తరచు కనిపించే నాకౌట్ పద్ధతిని ఈ దృష్టితో చూడవలసి ఉన్నది. 16 జట్లు వస్తే 8 జట్లు ఒక్క ఆటతోనే ఇంటిదారి పడతవి. అధికంగా ఆడవలసిన బలహీనులే అందరికంటె తక్కువ ఆడుతారు. ఓడిన ఆ ఎనిమిదింటికీ విడిగా మరొక వరుస వేయడానికి కావలసినవి ఏడు ఆటలు మాత్రమే.