ఫ్లోరైడ్ నీళ్ళు, ఇంటి వంట, ఇంట్లో మనసు

మీ ఇంటి పెద్దాయన్ని లోపల డాక్టరు గారు చూస్తూ ఉండగా, బయట బెంచీ మీద కూర్చుని మీరు ఈ పాఠం చదువుతూ ఉండవచ్చు. ఆయనకు నడుము వంగడం లేదు, మెడ తిరగడం లేదు, పొద్దున లేస్తే ఒళ్ళంతా కట్టెలాగా బిగుసుకుపోతుంది అని మీరు చెప్పి ఉంటారు. "వాతం అనుకున్నామండీ, సూదులు వేయిస్తూ వచ్చాము" అని కూడా చాలామంది చెబుతారు. కనిగిరి, పొదిలి, దర్శి, మార్కాపురం వైపు నుండి ఇలాంటి బాధతో వచ్చేవారిని మేము అడిగే మొదటి ప్రశ్న మందుల గురించి కాదు. "మీరు ఏ నీళ్ళు తాగుతారు? ఏ నీళ్ళతో వండుతారు?" అని.

ఇది కొత్త జబ్బు కాదు

ఈ జబ్బు పేరు ఫ్లోరోసిస్. మన దేశంలో దీన్ని మొదట గుర్తించింది మన ప్రాంతంలోనే. ముందు ఎద్దులు దుక్కికి పనికిరాకుండా పోవడం, కీళ్ళు బిగిసి నడవలేకపోవడం రైతులు గమనించారని, తరువాత అదే బాధ మనుషుల్లో కనిపించిందని రాస్తారు. 1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్ అనే డాక్టరు, ఆయన సహచరులు దీని గురించి వ్యాసం ప్రచురించారు. అప్పటికి పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలో ఉండేవి. మార్కాపురం, గిద్దలూరు, కంభం కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో ఇవన్నీ కలిసి ఒంగోలు జిల్లా అయింది, 1972లో దానికి ప్రకాశం అని పేరు వచ్చింది. జిల్లాల పేర్లు మారాయి గాని బోరులో నీళ్ళు మారలేదు.

భూమి లోపలి రాళ్ళలో ఫ్లోరైడ్ అనే లవణం ఉంటుంది. నీళ్ళు ఆ రాళ్ళ మధ్య ఎంత ఎక్కువకాలం నిలిస్తే అంత ఎక్కువగా అది కరుగుతుంది. అందుచేత వానలు తగ్గి లోతైన బోర్ల మీద ఆధారపడిన చోట ఈ బాధ ఎక్కువ. చెరువు నీళ్ళలో, వాన నీళ్ళలో సాధారణంగా తక్కువ. ఒక్క మాట గుర్తు పెట్టుకోండి: ఒకే ఊరిలో పక్కపక్కనే ఉన్న రెండు బోర్లలో ఒకటి మంచిది, మరొకటి చెడ్డది కావచ్చు. రుచి, రంగు, వాసన చూసి చెప్పలేము. తియ్యగా ఉన్న నీళ్ళలో కూడా ఉండవచ్చు.

లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము వరకు ఉంటే మంచిది. వేరే దారి లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. ఇప్పుడు ఒక లెక్క చూడండి. లీటరుకు 3 మిల్లీగ్రాములు ఉన్న నీళ్ళు అనుకుందాము. చల్లటి ఊరిలో మనిషి రెండు లీటర్లు తాగితే 6 మిల్లీగ్రాములు. మన ఎండల్లో పొలం పనిచేసే మనిషి ఐదు లీటర్లు తాగితే 15. అదే నీళ్ళే, కాని కూలి మనిషికి వచ్చే భారం రెండింతలకు పైగా. ఎక్కువ కష్టపడేవారే ఎక్కువ దెబ్బతింటారు.

వంటింటి సంగతి

ఇక్కడే మన ఇళ్ళలో పెద్ద పొరపాటు జరుగుతున్నది. తాగడానికి క్యాను నీళ్ళు కొంటారు. అన్నం, పప్పు మాత్రం బోరు నీళ్ళతో ఉడికిస్తారు. అడిగితే "పొయ్యి మీద మరుగుతాయి కదండీ, ఏమవుతుంది?" అంటారు. మరిగిస్తే క్రిములు చస్తాయి, నిజమే. ఫ్లోరైడ్ క్రిమి కాదు, ఉప్పులాంటిది. ఉప్పు నీళ్ళు మరిగిస్తే ఉప్పు పోతుందా? నీరు ఆవిరైపోయి మిగిలిన దానిలో ఇంకా చిక్కబడుతుంది. అన్నం, సంగటి, పప్పు పోసిన నీటినంతా పీల్చుకుంటాయి గనుక అందులోని ఫ్లోరైడ్ కూడా పళ్ళెంలోకే వస్తుంది. గుడ్డతో వడకట్టినా, ఇసుక ఫిల్టరు పెట్టినా, బిందెలో రాత్రంతా తేర్చినా అది పోదు.

కాబట్టి డబ్బు చాలక కొద్దిగానే మంచి నీళ్ళు దొరికినప్పుడు వాటిని తాగడానికీ, ఉడికించడానికీ, టీకీ, పసిపిల్లల పాలు కలపడానికీ వాడండి. బియ్యం కడగడం, గిన్నెలు తోమడం, స్నానం, బట్టలు, పశువుల కొట్టం కడగడం బోరు నీళ్ళతో చేసుకోవచ్చు. చర్మం మీద పడితే హాని లేదు. వాన పడే రోజుల్లో మొదటి జల్లు పైకప్పును కడిగి పోనిచ్చి, తరువాతి వాన నీటిని శుభ్రమైన మూత ఉన్న డ్రమ్ములో పట్టుకోవచ్చు. ఆ నీటిని మాత్రం తప్పక మరిగించి తాగాలి, అక్కడ భయం క్రిములది.

ఇక తిండి. భోజనంతో పాటు కాల్షియం ఉంటే కడుపులోనే అది ఫ్లోరైడ్‌ను పట్టుకుంటుంది, రక్తంలోకి పోనివ్వకుండా మలంతో బయటికి పంపుతుంది. పాలు అమ్ముకునే ఇంట్లో పిల్లలకు పాలు లేకపోవడం మనం చూస్తూనే ఉన్నాము. కేంద్రానికి పోసే ముందు ఇంటికి ఒక గ్లాసు తీసి ఉంచండి అని తల్లులకు చెబుతూ ఉంటాము, కొందరు నవ్వి ఊరుకుంటారు. పాలు కుదరకపోతే రాగులు ఉన్నాయి. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మునగాకు, నువ్వులు, మజ్జిగ మనకు కొత్తవి కావు. ఉసిరి, జామ, నిమ్మ కూడా తినాలి. వీటిలోని సి విటమిన్ ఒంటికి అవసరం.

చింతపండు గురించి ఒక మంచి విషయం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు 2002లో ప్రచురించిన పరిశోధనలో, పిల్లలకు రోజూ 10 గ్రాముల చింతపండు 18 రోజులు ఇచ్చి చూస్తే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయినట్లు తేలింది. చారు, పులుసు మానవద్దు. అయితే పులుసు తాగుతున్నాము కదా అని చెడ్డ నీళ్ళు తాగుతూ ఉంటే లాభం లేదు. పాలు లేని డికాక్షన్, నల్ల ఉప్పు, వక్కలు తగ్గించండి. వీటిలో కూడా ఫ్లోరైడ్ ఉంటుంది.

ఇంట్లోనే చూడదగిన మూడు పనులు

మోకాళ్ళు వంచకుండా ముందుకు వంగి కాలి వేళ్ళు తాకగలరా? గడ్డం ఛాతీకి ఆనించగలరా? చేతులు చాచి, మడిచి, తల వెనుక పెట్టుకోగలరా? ఇవి చేయలేకపోతే ఫ్లోరోసిస్సే అని కాదు, డాక్టరుకు చూపించవలసిన అవసరం ఉందని అర్థం. కాళ్ళు తిమ్మిరెక్కి బలం తగ్గుతున్నా, మూత్రం ఆగుతున్నా, తెలియకుండా పోతున్నా ఒక్క రోజు కూడా ఆలస్యం చేయవద్దు. వెన్ను లోపల నరం నొక్కుకుపోతే అలా జరుగుతుంది.

ఎముకలో చేరిన ఫ్లోరైడ్‌ను కడిగి తీసే సూది గాని మాత్ర గాని లేదు. "ఒక్క ఇంజెక్షన్‌తో పోగొడతాను" అనేవారిని నమ్మి డబ్బు పోగొట్టుకోకండి. నొప్పి మాత్రలు రోజూ, నెలల తరబడి మింగితే మూత్రపిండాలు చెడతాయి. ఫ్లోరైడ్‌ను బయటికి పంపేది ఆ మూత్రపిండాలే గనుక అవి చెడితే జబ్బు ఇంకా ముదురుతుంది. నీళ్ళు మార్చి, తిండి మార్చినవారిలో, ముఖ్యంగా జబ్బు తొలి దశలో ఉన్నవారిలో, కొన్ని నెలల్లో నొప్పి తగ్గుతుంది. వంగిపోయిన ఎముక మాత్రం తిరిగి చక్కబడదు. ఈ మాట చెప్పడం మాకూ కష్టమే.

మనసు సంగతి

నలభై అయిదేళ్ళ మనిషి ఎవరైనా పిలిస్తే మెడ తిప్పలేక ఒళ్ళంతా తిప్పి చూస్తాడు. పొలానికి పోలేడు. అరుగు మీద కూర్చుంటాడు. భార్య గొడ్లు, కూలి, నీళ్ళు అన్నీ ఒక్కతే చూసుకుని, అలసిపోయి, ఒక రోజు నోరు జారుతుంది. ఆయన ఆ రోజు నుండి మాట్లాడడం మానేస్తాడు. ఇలాంటి ఇళ్ళు మనకు తెలియనివి కావు. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఇది శాపం కాదు, అంటుజబ్బు కాదు. తండ్రికీ కొడుక్కీ వచ్చిందంటే ఇద్దరూ ఒకే బోరు నీళ్ళు తాగడం వల్ల.

"ఏం కాదులే" అనవద్దు, ఆయనకు తెలుసు ఏమయిందో. చేయగల పని అప్పజెప్పండి: వేరుశనగ ఒలవడం, పిల్లల చేత ఎక్కాలు చెప్పించడం, సంతలో ధర మాట్లాడడం. నిర్ణయాలు ఆయనను అడిగి తీసుకోండి. అమ్మా, మీరు కూడా వారానికి ఒక పూట ఆ పని ఇంకొకరికి ఇచ్చి పుట్టింటికో, చెల్లెలి ఇంటికో పోయి రండి.

రెండు వారాలకు మించి నిద్ర, తిండి లేకుండా ఉన్నా, "నేనుండి ఏం లాభం" అన్నా తేలికగా తీసుకోకండి. పురుగుమందు డబ్బాలను ఇంట్లో నుండి తీసి తాళం వేసిన చోట పెట్టండి. ఇక్కడ డాక్టరు గారికి చెప్పండి. 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

పళ్ళ మీద గోధుమ రంగు గీతలున్న పిల్లలు నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. ఆ మరక పళ్ళు తయారయ్యే వయసులో, ఎనిమిదేళ్ళలోపు, లోపలి నుండి వచ్చింది. ఇటుక పొడితో, బొగ్గుతో రుద్దితే మరక పోదు, పన్ను అరిగిపోతుంది. పళ్ళు తోమలేదని బడిలోగాని ఇంట్లోగాని వారిని తిట్టకండి. పళ్ళ డాక్టరు దానిని కప్పగలరు. వారి తరువాత పుట్టిన చిన్నపిల్లలకు మాత్రం ఈ రోజు నుండే నీళ్ళు మార్చండి, వారికి ఇంకా సమయం ఉంది.

ఈసారి ఆస్పత్రికి వచ్చేటప్పుడు ఇలా చేయండి. గాజు సీసా కాకుండా ఒక లీటరు ప్లాస్టిక్ సీసా తీసుకుని, అదే బోరు నీటితో మూడుసార్లు కడిగి, నిండా పట్టి మూత బిగించండి. ఊరి పేరు, బోరు ఎక్కడ ఉన్నది, ఎన్ని అడుగుల లోతు, ఏ తేదీన పట్టినది ఒక కాగితం మీద రాసి అంటించండి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేస్తారు, దారి మీ పంచాయతీ కార్యదర్శిని అడగండి. ఒక బోరువే కాదు, మీ వీధిలో వాడే అన్ని బోర్ల నీళ్ళూ విడివిడిగా పట్టండి. వాటిలో ఒకటి మంచిది కావచ్చు.