వాడపల్లి దీపం – ఊపిరి మహిమ

నల్లగొండ జిల్లాలో మూసీనది కృష్ణవేణిలో కలిసే చోట వాడపల్లి క్షేత్రం ఉన్నది. దామరచర్ల మండలానికి చెందిన ఈ గ్రామంలో శ్రీ లక్ష్మీనరసింహస్వామి, శ్రీ మీనాక్షీ అగస్త్యేశ్వరస్వామి కొలువై ఉన్నారు. నరసింహస్వామి గర్భాలయంలో అర్చకులు భక్తులకు రెండు దీపాలను చూపుతారు. స్వామి నాసిక ఎత్తున వెలిగే దీపశిఖ ఎడతెగక చలిస్తూ ఉంటుంది. దిగువనున్న శిఖ నిశ్చలంగా నిలుస్తుంది. పైదీపాన్ని కదిలించేవి స్వామివారి ఉచ్ఛ్వాస నిశ్వాసాలేనని భక్తజనుల విశ్వాసం.

ఆ దీపాన్ని చూసి పులకించే యాత్రికుడు తన నాసికలో సాగే రాకపోకలను మాత్రం గమనించడు. విశ్రాంతిగా ఉన్న మానవుడు నిమిషానికి 12 నుండి 20 సార్లు శ్వాసిస్తాడు. ఆ లెక్కన ఒక అహోరాత్రంలో ఇరవై వేల పర్యాయాలు జరిగే ఈ క్రియ నిద్రలోనూ ఆగదు. ఇంద్రియాలలో ఎవరు గొప్ప అన్న వివాదం వచ్చినపుడు వాక్కు, చక్షువు, శ్రోత్రం, మనస్సు ఒక్కొక్కటే వెడలిపోయినా దేహం నిలిచిందనీ, ప్రాణం లేవబోయినంతనే తక్కినవన్నీ తల్లడిల్లి దానిని శరణు వేడాయనీ ఛాందోగ్యోపనిషత్తు చెబుతున్నది.

నాసిక, కంఠం

శ్వాసకు ద్వారపాలకురాలు నాసిక. ముక్కులోని వెంట్రుకలు పెద్ద ధూళికణాలను అడ్డగిస్తాయి. లోపలి జిగురుపొర సూక్ష్మకణాలను పట్టుకొని, గాలిని వెచ్చబరచి, తేమను చేకూరుస్తుంది. నోటితో పీల్చిన గాలికి ఈ సంస్కారం ఇంతగా జరుగదు.

ముక్కు వెనుకనున్న గ్రసని అన్నానికీ గాలికీ ఉమ్మడి మార్గం. మింగే సమయంలో ఉపజిహ్విక అనే చిన్న మూత స్వరపేటిక ద్వారాన్ని కప్పుతుంది. భుజించేటపుడు మాటలాడితే ఈ మూత వేళ తప్పి, మెతుకు దారి మళ్ళి, పొలమారుతుంది. భోజనవేళ మౌనం పాటించమన్న పెద్దల మాటకు దేహనిర్మాణం కూడా సాక్ష్యమిస్తున్నది.

స్వరపేటికలోని తంత్రులను కంపింపజేసేది వెలుపలికి వచ్చే గాలి. గోవిందనామం పలికేది నిశ్వాసం మీదనే. లోనికి పోయే ఊపిరి దేహాన్ని పోషిస్తుంది, దేహానికి అక్కర తీరి వెలికి వచ్చే ఊపిరి నామాన్ని మోస్తుంది.

ఊర్ధ్వమూలమైన వృక్షం

స్వరపేటిక క్రింద సుమారు 10 నుండి 12 సెంటీమీటర్ల వాయునాళం ఉన్నది. దానిని తెరిచి ఉంచే మృదులాస్థి కడియాలు వెనుకవైపు పూర్తిగా కలియవు. వెనుకనే ఆహారనాళం ఉండుట చేత, అన్నం దిగేటపుడు దానికి ఒత్తిడి కలుగకుండా ఈ ఏర్పాటు ఉపకరిస్తుంది. వాయునాళం రెండు శ్వాసనాళాలుగా చీలి, అవి మరల మరల చీలుతూ ఇరవైకి పైగా తరాల కొమ్మలుగా విస్తరిస్తాయి. మొదలు పైన, కొమ్మలు క్రింద ఉన్న ఈ వృక్షాన్ని చూచిన గీతాధ్యాయికి పదునైదవ అధ్యాయంలోని అశ్వత్థం స్ఫురించక మానదు.

కుడి ఊపిరితిత్తికి మూడు భాగాలు, హృదయానికి చోటు విడువవలసిన ఎడమదానికి రెండు. కొమ్మల చివరల ద్రాక్షగుత్తుల వలె కోట్ల కొలది వాయుగోణులు ఉన్నవి. వాటి గోడలన్నీ పరచినచో సుమారు 70 చదరపు మీటర్ల నేల నిండుతుంది.

తిత్తి అన్న పేరులోనే ఈ అవయవం పనితీరు ఉన్నది. కమ్మరి కొలిమితిత్తిని విప్పినపుడు లోపల చోటు పెరిగి గాలి తనంతట వచ్చి చేరుతుంది. అదే రీతిగా ఛాతీ క్రింద గొడుగువలె ఉన్న ఉదరవితానం సంకోచించి దిగగా, పక్కటెముకలు పైకి లేవగా, ఊపిరితిత్తులు విచ్చుకొని గాలి ప్రవేశిస్తుంది. ఆ కండరాలు సడలగానే వెలుపలికి వస్తుంది.

పీల్చే గాలిలో ప్రాణవాయువు నూటికి 21 పాళ్ళు, విడిచే గాలిలో సుమారు 16 పాళ్ళు. తేడా పడినది వాయుగోణుల పలుచని గోడలు దాటి, నెత్తుటిలోని హీమోగ్లోబిన్‌ను ఆశ్రయించి సర్వాంగాలకూ చేరుతుంది. బొగ్గుపులుసు వాయువు ఎదురుదారిన వెలుపలికి పోతుంది.

ప్రాణాయామం

సామాన్య శ్వాసలో లోనికి పోయే సుమారు 500 మిల్లీలీటర్ల గాలిలో 150 దాకా దారిలోని నాళాలలోనే నిలిచిపోతుంది, వాయుగోణులను చేరదు. నెమ్మదిగా, లోతుగా పీల్చినపుడు సఫలమయ్యే పాలు హెచ్చుతుంది. సంధ్యావందనంలో ప్రాణాయామాన్ని అలవరచుకొనేవారికి ఇది అనుభవవేద్యం. కృష్ణాతీరంలోని మట్టపల్లిలో స్వామి యోగానందుడు, యాదగిరిగుట్టలోని పంచరూపాలలోనూ యోగానందమూర్తి ఒకరు. అయితే ఉబ్బసం మొదలగు వ్యాధులున్నవారు కుంభకాన్ని బలవంతంగా పట్టరాదు. ప్రాణాయామం ఔషధానికి తోడే గాని మారు కాదు.

రాతినేల ఊపిరి

నల్లగొండ, పాలమూరు సీమలు రాతినేలలు. ఆనకట్టలకూ కాలువలకూ మట్టి త్రవ్వి, రాళ్ళు పగులగొట్టుటకు దేశాంతరాలు పోయిన పాలమూరు కూలీల శ్రమ లోకవిదితం. రాతిధూళిలో సిలికా ఉంటుంది. దాని పెద్దరేణువులను ముక్కు ఆపుతుంది. కంటికి కనబడని రేణువులు వాయుగోణుల దాకా పోయి అక్కడనే నిలుస్తాయి. వాటిని కరిగించలేక దేహం వాటి చుట్టూ గట్టి మచ్చ కడుతుంది. ఇదే సిలికోసిస్. ఇట్లు బిరుసెక్కిన భాగం మరల మెత్తబడదు, క్షయవ్యాధికీ అది త్రోవ ఇస్తుంది. కనుక నివారణమే రక్ష. రాతిని నీటితో తడిపి పనిచేయించుట, తగిన ముఖకవచాలు ఇచ్చుట పని ఇప్పించేవారి ధర్మం. ముఖానికి చుట్టిన తువ్వాలు ఆ సన్నని ధూళిని ఆపజాలదు. కట్టెపొయ్యి పొగ, చుట్ట, బీడీ కూడా ఇంటింటి ఊపిరికి శత్రువులే. రెండు వారాలు దాటిన దగ్గును ఉపేక్షింపక పరీక్ష చేయించుకొనవలె. క్షయకు ప్రభుత్వ ఆసుపత్రులలో పరీక్షా చికిత్సా ఉచితం.

2022లో కృష్ణశిలతో పునర్నిర్మితమై తెరువబడిన యాదగిరిగుట్ట ఆలయంలోనైనా, శతాబ్దాలనాటి గుడిలోనైనా, ప్రతి రాయీ ఒక శిల్పి ముఖానికి జానెడు దూరాన ఉలిదెబ్బ తిన్నదే. ఆ స్తంభాలకు మ్రొక్కే భక్తుడు ఆ శిల్పి ఊపిరిని కూడా తలచుకొనవలసి ఉన్నది. వాడపల్లిలో కదలే దీపం స్వామి శ్వాసకు గుర్తు అయినచో, రాళ్ళు కొట్టేవాని రొమ్ములో కదలే ఊపిరి కూడా ఆ స్వామిదే. దానిని కాపాడుట కైంకర్యమే అవుతుంది.