షుగర్ ఉన్నవారిలో ఉన్నట్టుండి తొడ నొప్పి



బెంగళూరులో అమ్మానాన్నలను ఆస్పత్రికి తీసుకెళ్లి, డాక్టరుతో కన్నడంలోనో ఇంగ్లీషులోనో మాట్లాడేది చాలా ఇళ్లలో చదువుకున్న పిల్లలే. అందుకే ఒక వైద్యుడిగా ఈ పాఠం మీకు చెబుతున్నాను.

మధుమేహం కళ్లను, మూత్రపిండాలను, నరాలను దెబ్బతీస్తుందని మీకు తెలుసు. అరుదుగా కండరాన్ని కూడా దెబ్బతీస్తుంది. రక్తం సరిగా అందక కండరంలో కొంత భాగం చనిపోతుంది. దీనినే డయాబెటిక్ మయోనెక్రోసిస్ అంటారు. స్వీడన్ వైద్యులు ఆంగర్‌వాల్, స్టెనర్ 1965లో దీన్ని మొదటిసారి వివరించారు.

గుర్తించడం ఎలా?

ఏళ్ల తరబడి షుగర్ అదుపులో లేనివారికి, ముఖ్యంగా అప్పటికే కిడ్నీలు, కళ్లు దెబ్బతిన్నవారికి ఇది వస్తుంది. దెబ్బ తగలకపోయినా తొడలో, ఎక్కువగా ముందు భాగంలో, ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి, వాపు మొదలవుతాయి. ముట్టుకుంటే గట్టిగా తగులుతుంది. ఒక్కోసారి పిక్కలో కూడా రావచ్చు. సాధారణంగా జ్వరం ఉండదు.

దేనితో పొరబడతాం?

సిరలో రక్తం గడ్డకట్టినా కాలు ఇలాగే వాస్తుంది. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. కండరంలో చీము పట్టినా నొప్పి, వాపు ఉంటాయి. దానికి తోడు జ్వరం రావచ్చు. ఈ రెండూ ఆలస్యం చేయకూడనివి. కనుక "పట్టేసిందిలే" అని నూనె రాసి మర్దన చేయకండి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. తొడ కండరాలు సన్నబడి, మెట్లెక్కలేకపోతే అది నరాలకు సంబంధించిన డయాబెటిక్ అమయోట్రోఫీ కావచ్చు.

డాప్లర్ స్కాన్‌తో సిరలోని గడ్డ సంగతి తేలుతుంది. కండరాన్ని చూడటానికి ఎం.ఆర్.ఐ. మేలైన పరీక్ష. రక్తంలో సి.కె. మామూలుగా ఉన్నంత మాత్రాన ఈ జబ్బు లేదనలేం. రోగ నిర్ధారణ స్పష్టంగా ఉంటే ముక్క తీసి పరీక్షించడం, ఆపరేషన్ సాధారణంగా అవసరం ఉండవు. వాటివల్ల కోలుకోవడం ఆలస్యం కావచ్చు.

చికిత్స

విశ్రాంతి, నొప్పి తగ్గించే మందు, షుగర్ అదుపు - ఇవే ముఖ్యం. డాక్టరు తక్కువ మోతాదు ఆస్పిరిన్ ఇవ్వవచ్చు. కిడ్నీ జబ్బు ఉంటే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి మెడికల్ షాపులో సొంతంగా కొనవద్దు. నొప్పి తీవ్రంగా ఉన్నప్పుడు వ్యాయామాలు వద్దు. సాధారణంగా కొన్ని వారాల నుంచి నెలల్లో తగ్గుతుంది. కానీ అదే కాలిలోనో రెండో కాలిలోనో మళ్లీ రావచ్చు. కాబట్టి నొప్పి పోయాక కూడా కళ్లు, కిడ్నీలు, గుండె, పాదాల పరీక్షలు మానకూడదు.

డాక్టరుకు నాలుగు విషయాలు చెప్పండి: షుగర్ ఎన్నేళ్లుగా ఉంది, నొప్పి ఏ రోజు మొదలైంది, జ్వరం ఉందా, ఏ మందులు వాడుతున్నారు. పాత రిపోర్టులన్నీ ఒకే ఫైలులో పెట్టుకోండి. ఈ పాఠాన్ని ఇంట్లో పెద్దలకు చదివి వినిపించండి.